కమోడ్‌లో పోసిన పిల్లి మట్టి యాడికి పోతుంది

మా చెల్లికి ఇప్పుడు నాలుగో నెల. వేవిళ్ళు మరీ ఎక్కువై ఏం తిన్నా కక్కుకుంటా ఉంటే అమ్మ పోయి నెల్లూరికి తీసుకొచ్చేసింది, ఇప్పుడు మాతోనే ఉండాది. పోయిన నెల చెకప్‌కి నేనే తీసకపోయినా. డాక్టరమ్మ టెస్టులు రాస్తా రాస్తా తల ఎత్తకుండానే "ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగింది. ఉందండీ అన్నా. అప్పుడు పెన్ను పక్కన పెట్టి "దాని దొడ్డికి ఎవరు తీస్తారు?" అనింది. నేనే అని చెప్పినా. "సరే, ఈ అమ్మాయిని మాత్రం ఆ పక్కకి పోనీయొద్దు" అని టార్చ్ టెస్ట్ రాసిచ్చింది.

టార్చ్ అంటే కడుపులో బిడ్డకి హాని చేసే కొన్ని ఇన్ఫెక్షన్లని ఒకేసారి చూసే రక్త పరీక్ష, అందులో మొట్టమొదటి అక్షరం టాక్సోప్లాస్మా అనే క్రిమిది. రిపోర్టు నెగెటివ్ వచ్చింది, మేం హమ్మయ్య అనుకున్నాం. డాక్టరమ్మ మాత్రం వేరేగా చెప్పింది, నెగెటివ్ అంటే ఆ క్రిమి ఇప్పటిదాకా ఒంట్లోకి రాలేదు, రాలేదు కాబట్టి దాన్ని తట్టుకునే శక్తి కూడా ఒంట్లో తయారు కాలేదు, అందుకని కాన్పయ్యేదాకా ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండమని.

ఇంటికొచ్చేలోపే అమ్మ తీర్మానం చేసేసింది. పిల్లిని సంచిలో వేసి పొలాల్లో వదిలిపెట్టొద్దాం అనింది. మా మిరియం అప్పుడు కిటికీలో ఎండకి పడుకోనుంది. తెల్లటి ఒళ్ళు, దాని మీద మిరియాలు పొడి చేసి చల్లినట్టు నల్ల చుక్కలు, అందుకే ఆ పేరు పెట్టినాం. రెండున్నరేళ్ళ కిందట ఒక రైస్ మిల్లు గేటు దగ్గర వానలో తడిసి అరస్తా ఉంటే చున్నీలో చుట్టి తెచ్చుకున్నా, అప్పుడు అరచేతిలో పట్టేది. దాన్ని వదలడం నా వల్ల కాదని చెప్పేసి, రాత్రి అందరూ పడుకున్నాక ఆ టాక్సోప్లాస్మా ఏందో చదవడం మొదలుపెట్టినా. చెల్లి కోసం మొదలుపెట్టిన చదువు నన్ను యాడికో కాలిఫోర్నియా సముద్రం దాకా తీసకపోయింది. ఆ సంగతి చెప్పాలనే ఈ పోస్ట్.

ముందు క్రిమి సంగతి. ఇది కోడి, మేక, ఎలుక, మనిషి, డాల్ఫిన్, వెచ్చటి రక్తం ఉండే ఏ జీవి ఒంట్లోనైనా బతకగలదు, కానీ గుడ్లు లాంటివి పెట్టేది మాత్రం పిల్లి జాతి పేగుల్లోనే. క్రిమి ఉన్న ఎలుకనో పిట్టనో పిల్లి తింటే కొన్ని రోజులకి దాని దొడ్డిలో ఆ గుడ్లు రావడం మొదలవుతాయి, ఒకటి నుంచి మూడు వారాలు వస్తాయి, ఆ కొద్ది రోజుల్లోనే ఒక్క పిల్లి నుంచి కోట్లల్లో బయటికొస్తాయి. తర్వాత ఆగిపోతాయి, మామూలుగా ఆ పిల్లికి మళ్ళీ రావు. ఒక్కో గుడ్డు సైజు 10, 12 మైక్రాన్లు, అంటే మన తల వెంట్రుక మందంలో ఆరో వంతో ఏడో వంతో. నన్ను భయపెట్టింది సైజు కాదు, దాని గట్టితనం. తడి మట్టిలో ఏడాదికి పైన బతుకుతుంది. చల్లటి సముద్రపు నీళ్ళలో పెట్టి చూస్తే రెండేళ్ళ తర్వాత కూడా జబ్బు చేసే శక్తితోనే ఉండాదంట. మనం నీళ్ళలో కలిపే క్లోరిన్‌కి చావదు. బాగా వేడి తగిలితే చస్తుంది.

ఇప్పుడు కాలిఫోర్నియా. అక్కడ సముద్రపు నీటికుక్కలు ఉంటాయి. మన కృష్ణా మడ అడవుల్లో కూడా నీటికుక్కలు ఉండాయి గానీ ఇవి వేరే జాతి, బతుకంతా సముద్రంలోనే, వెల్లకిలా నీళ్ళ మీద తేలతా, పొట్ట మీద రాయి పెట్టుకుని ఆలిచిప్పల్ని దానికేసి కొట్టి పగలగొట్టి తింటాయి. వీడియోలు చూడండి, చిన్న పిలకాయలు గిన్నె పొట్ట మీద పెట్టుకుని తిన్నట్టే ఉంటుంది. వీటికి తిమింగలాలకి ఉన్నట్టు ఒంట్లో కొవ్వు పొర ఉండదు, చలికి బొచ్చే ఆధారం, అందుకని రోజుకి తమ బరువులో పావు వంతు దాకా తినాల్సిందే. ఆ బొచ్చు కోసమే ఒకప్పుడు మనుషులు వేటాడి వేటాడి దాదాపు లేకుండా చేసేసినారు. 1938లో బిగ్ సర్ అనే కొండ తీరం దగ్గర ఒక చిన్న గుంపు మిగిలుందని లోకానికి తెలిసింది. ఆ కొద్దిమంది నుంచి ఇప్పుడు ఆ తీరంలో సుమారు 3,000 అయినాయి. ఇంత కష్టపడి పెరిగిన జాతి మళ్ళీ నిలకడగా పెరగడం లేదు, ఎందుకో చూద్దామని చచ్చి ఒడ్డుకొచ్చిన వాటిని కోసి చూస్తే మెదడులో ఈ క్రిమి కనపడింది.

పిల్లి గడప దాటి సముద్రంలోకి పోదు కదా, మరెట్టా? దీని మీద 2002లో ఒక స్టడీ వచ్చింది. బతికున్న నీటికుక్కల్లో 42 శాతానికి, చచ్చిపోయిన వాటిలో 62 శాతానికి ఈ క్రిమి తగిలిన గుర్తు రక్తంలో ఉందంట. అది కూడా అంతటా ఒకే రకంగా లేదు. ఏరులు, వాన కాలువలు వచ్చి సముద్రంలో ఎక్కువగా కలిసే చోట్ల ఉండే నీటికుక్కలకి ఇది తగిలే అవకాశం మూడు రెట్లు ఎక్కువ. అంటే వచ్చింది నేల మీద నుంచే, వాన నీళ్ళతో, కాలువ నీళ్ళతో. 2019లో ఇంకో స్టడీ వచ్చింది, ఈ జబ్బుతో చచ్చిపోయిన నీటికుక్కల ఒంట్లో దొరికిన క్రిమి రకం, ఆ ఒడ్డు పక్కన తిరిగే పిల్లుల్లో, అడవి పిల్లుల్లో దొరికిన రకం ఒకటేనని జన్యువులు పోల్చి తేల్చేసినారు. ఇక అనుమానం ఏముంది.

మధ్యలో మోసేవి ఆలిచిప్పలూ నత్తలూ. ఆలిచిప్ప గంటకి లీటర్ల కొద్దీ నీళ్ళు లోపలికి లాగి వడగట్టి తింటుంది, నీళ్ళలో పలచగా ఉన్న గుడ్లు దాని ఒంట్లో ఒకచోట చేరతాయి. నీళ్ళలో పెరిగే నాచు మీద జిగురు పొర ఉంటుంది చూడండి, గుడ్లు దానికి అంటుకుంటాయి, నత్తలు ఆ పొరని గీరుకుని తింటాయి. ఆ చిన్న నత్తల్నే ఎక్కువగా తినే నీటికుక్కలకి జబ్బు తగలడం మిగతా వాటి కంటే పది రెట్లకి పైనే ఉందంట.

అక్కడితో ఆగితే నీటికుక్కల కథ అనుకోవచ్చు. హవాయి దీవుల్లో మాంక్ సీల్ అనే సీల్ జాతి ఉండాది, ప్రపంచం మొత్తం మీద సుమారు 1,600 మాత్రమే, వాటిల్లో పదికి పైగా ఈ జబ్బుతోనే చచ్చిపోయినాయి. న్యూజిలాండ్‌లో హెక్టర్స్ డాల్ఫిన్లని ఉంటాయి, చాలా చిన్నవి, మనిషంత కూడా ఉండవు. 2013లో వచ్చిన స్టడీలో చచ్చిన 28 డాల్ఫిన్లని పరీక్ష చేస్తే 7 ఈ క్రిమి వల్లే పోయినాయని తేలింది. ఈ రెండు చోట్లా పిల్లులు అసలు పుట్టి పెరిగిన జీవాలే కావు, మనుషులు ఓడల్లో తెచ్చి వదిలినవి. ఆ సీళ్ళకీ డాల్ఫిన్లకీ పిల్లంటే ఏందో తెలీదు, దాని జబ్బు మాత్రం వచ్చి ఒంట్లో కూర్చుంది.

ఇది చదివినప్పుడు రాత్రి ఒంటిగంట అయ్యుంటుంది. లేచిపోయి బాత్రూం లైటు వేసి కమోడ్ వైపు చూస్తా నిలబడినా. ఎందుకంటే రెండున్నరేళ్ళ నుంచి నేను చేసింది అదే. మిరియం దొడ్డికి పోయే మట్టి ట్రేలో నుంచి స్కూప్‌తో తీయడం, కమోడ్‌లో వేయడం, ఫ్లష్ కొట్టడం. చెత్తబుట్టలో వేస్తే వాసన, పైగా అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళు గొడవ, కమోడ్‌లో అయితే శుభ్రంగా పోతుందని నా లెక్క. మిరియం వచ్చింది రైస్ మిల్లు దగ్గర నుంచి, ఎలుకల మధ్యలో నుంచి. దానికి ఆ మూడు వారాలు ఎప్పుడైనా వచ్చుంటే మా ఇంటికొచ్చిన కొత్తల్లోనే వచ్చుండాలి, ఆ కొత్తల్లో నేను రోజుకి రెండుసార్లు ఫ్లష్ కొట్టినా.

మరి మా కమోడ్‌లోది యాడికి పోతుంది? సెప్టిక్ ట్యాంకులోకి. అది నిండితే ట్యాంకర్ బండి వచ్చి లాక్కపోతుంది, అంతవరకే నాకు తెలుసు. కానీ పోయిన ఏడాది ఒకరోజు తెల్లారుజామున స్కూటీ మీద వస్తా ఉంటే ఊరి బయట కాలువ గట్టు మీద అట్లాంటి బండే ఒకటి ఆగుంది, దాని లావు పైపు గట్టు మీద నుంచి కాలువలోకి వేలాడతా ఉంది, నల్లటి నీళ్ళు పడతా ఉండాయి. అప్పుడు ముక్కు మూసుకుని స్పీడుగా వచ్చేసినా. ఆ పైపులో నా పిల్లి మట్టి కూడా ఉండొచ్చనే ఆలోచన ఆ రోజు రాలేదు.

నెల్లూరోళ్ళకి చెప్పాల్సిన పని లేదు, మన ఊళ్ళో నీళ్ళన్నీ తూర్పుకే. సైడు కాలువ పెద్ద కాలువలోకి, పెద్ద కాలువ వరి పొలాల మీదుగా, అక్కడినుంచి బకింగ్‌హామ్ కెనాల్, క్రీకులు, సముద్రం. ఇటు చూస్తే పెన్నమ్మ ఊటుకూరు దగ్గర సముద్రంలో కలస్తుంది. పైగా మన వానలు మిగతా రాష్ట్రంలో మాదిరి కాదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపల కొట్టేస్తాయి, తొమ్మిది నెలలు వీధుల్లో, మిద్దెల మీద, ఇసక కుప్పల్లో ఎండిపోయి ఉన్నదంతా ఒక్క తుఫానుకి కొట్టుకుపోతుంది. 2021 నవంబర్‌లో పెన్న ఎట్టా వచ్చిందో చూసినాం కదా, పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలే ఆగలేదు. ఆ నీళ్ళతో పాటు ఏమేం పోయి సముద్రంలో పడి ఉంటాయో. కాలిఫోర్నియాలో కనిపెట్టింది కూడా ఇదే కదా, నీళ్ళు నేల మీద నుంచి గట్టిగా పారి కలిసే చోటే జబ్బు ఎక్కువని.

మా అమ్మ పుట్టిల్లు మైపాడు పక్కన ఒక పాళెం. మామయ్య నలభై ఏళ్ళ నుంచి సముద్రం మీద చేపల వేటకి పోతుండాడు. తర్వాతి ఆదివారం పోయినప్పుడు ఇదంతా చెప్పినా. అత్త చాప మీద నెత్తళ్ళు ఎండేస్తా ఉంది, వేలెడంత కూడా లేని చేపలు, ఎండకి వెండి రేకుల్లాగా మెరస్తా ఉండాయి. వాటిని చూపించి అడిగినా, మామా ఇయ్యి ఎట్టా తింటాయి అని. "నోరు తెరుచుకుని ఈదతాయి మే, నీళ్ళు చెంపల్లో నుంచి పోతాయి, సన్నదంతా లోపల ఉండిపోతుంది" అన్నాడు, ఒక నెత్తళ్ళ చేప తీసి గోటితో చెంప పైకెత్తి లోపల ఉన్న సన్నటి దువ్వెన పళ్ళు చూపించినాడు. నేను చదివింది కూడా అదే. 2010లో అమెరికాలో నెత్తళ్ళ జాతి చేపల్నీ కవ్వళ్ళ జాతి చేపల్నీ ఆ గుడ్లు కలిపిన నీళ్ళలో వదిలి చూసినారు, రెండూ గుడ్లని వడగట్టి పొట్టలో పెట్టుకున్నాయి, నెత్తళ్ళలో ఉన్నవైతే ఎలకలకి జబ్బు కూడా తెప్పించినాయి. డాల్ఫిన్లు తినేది ఇట్లాంటి చిన్న చేపల్నే. మామయ్య కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "మొన్న డాల్ఫిన్ ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది, ఒంటి మీద వల దెబ్బ లేదు, పడవ దెబ్బ లేదు, ఎందుకు చచ్చిందో ఎవరికీ తెలీలా" అన్నాడు. అది ఈ జబ్బేనని నేను అనడం లేదు, డాల్ఫిన్ చావడానికి వంద కారణాలు. కానీ ఆ మాట విన్నాక అన్నం సహించలా నాకు.

ఒక మాట, నెత్తళ్ళ పులుసు మానేయమని కాదు నేను చెప్పేది. మనం పులుసు ఎట్టా కాస్తామో తెలుసు కదా, ఆ ఉడుకుకి ఈ క్రిమి బతకదు. పచ్చిగా తినే అలవాటు మనకి లేదు. పచ్చిగా తినే జీవాలు సముద్రంలో ఉండాయి, వాటి గురించే నా బాధంతా. ఇంకోటి, మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళకి ఈ జబ్బు తగలదు, వాటిది చల్లటి రక్తం. వాటికి మన కుక్కలతో వేరే తిప్పలు, ఇసకలో పెట్టిన గుడ్లని తవ్వి తినేస్తాయి.

కుక్కల మాట వచ్చింది కాబట్టి చెప్తా, కుక్కలు పెంచేవాళ్ళు ఇది పిల్లుల గొడవే అనుకోవద్దు. కుక్క దొడ్డిలో ఈ గుడ్లు తయారు కావు, నిజమే, కానీ అందులో నత్రజని, భాస్వరం బోలెడు, బ్యాక్టీరియా, నులిపురుగుల గుడ్లు వేరే. పొలంలో పేడ పని చేస్తుంది కదా అని కుక్కదీ ఎరువే అనుకుంటారు, అదే ఎరువు నీళ్ళలో పడితే నాచు పెరుగుతుంది, నాచు చచ్చి కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది. ఈ ముక్క రొయ్యల గుంటలున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తెల్లారుజామున డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే ఎట్టుంటుందో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు ఎవర్నడిగినా చెప్తారు, రొయ్యంతా పైకొచ్చి గట్టు పక్కకి చేరిపోతుంది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఒక్క గంట ఆగితే పంట పోయినట్టే. క్రీకులో, కెనాల్‌లో ఏరియేటర్ ఎవరు పెడతారు? అదే క్రీకు నీళ్ళు మళ్ళీ మన గుంటల్లోకే తోడుకుంటాం కూడా. పొద్దున్నే కుక్కని కాలువ గట్టుకో బీచికో తీసకపోయి అక్కడ కానిచ్చుకుని వచ్చేసే వాళ్ళు ఒక కవర్ జేబులో పెట్టుకుని పోతే ఏం పోతుంది చెప్పండి.

కాలిఫోర్నియాలో 2006లో దీని మీద చట్టమే చేసినారు. అక్కడ అమ్మే పిల్లి లిట్టర్, అంటే ట్రేలో పోసే మట్టి, ప్యాకెట్ మీద దీన్ని టాయిలెట్‌లో, వాన కాలువల్లో వేయొద్దని రాసుండాలి. నేను వాడే ప్యాకెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూసినా, గులాబీ వాసన వస్తుందని రాసుంది, ఎంత గట్టిగా ఉండ కడుతుందో రాసుంది, ఎక్కడ పారేయాలో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎట్టా చేస్తున్నామంటే. ట్రే రోజూ తీసేస్తున్నా, ఒక్కరోజు కూడా వదలకుండా, ఎందుకంటే ఆ గుడ్లు బయటికొచ్చిన వెంటనే జబ్బు చేయలేవు, పక్వానికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది, ఆ లోపల తీసేస్తే సగం భయం పోయినట్టే. గ్లోవ్స్ వేసుకుని, తీసింది పేపర్లో గట్టిగా చుట్టి, దాన్ని కవర్లో వేసి ముడి కట్టి చెత్త బండికి ఇస్తున్నా, డైపర్లు, ప్యాడ్లు వేసే డబ్బాలో. కడుక్కున్న నీళ్ళు కూడా కాలువలోకే కదా అని ట్రే కడగడం తగ్గించి అడుగున పేపర్లు పరిచి మారుస్తున్నా, కడగాల్సొస్తే సలసలా కాగే నీళ్ళు పోసి కాసేపు ఉంచి కడుగుతున్నా. సొంత ఇల్లు, పెరడు ఉన్నోళ్ళు లోతుగా గుంట తీసి పూడ్చొచ్చు, బోరుకి, బావికి దూరంగా, ఆకుకూర మడికి ఇంకా దూరంగా. కంపోస్టులో మాత్రం వద్దు, ఇంట్లో చేసే కంపోస్టుకి అంత వేడి రాదు.

మిరియానికి పచ్చి మాంసం ముక్కలు బంద్, చికెన్ కొట్టు దగ్గర్నుంచి తెచ్చే తలకాయలు, కాళ్ళు ఉడకబెట్టే పెడతున్నా. రాత్రిళ్ళు మిద్దె మీదకి వదలడం లేదు. మొదట్లో తలుపు దగ్గర కూర్చుని అరిచి గోల చేసింది, నాలుగు రోజులకి సర్దుకుంది. అమ్మకి కూడా ఇదే చెప్పినా, పొలాల్లో వదిలితే అది బతకడానికి ఎలకల్నే తినాలి, దాని దొడ్డి తీసే వాళ్ళు అక్కడ ఎవరూ ఉండరు, ఇంట్లో ఉంటేనే చెల్లికీ మంచిది, ఊరికీ మంచిదని. అమ్మ ఒప్పుకుందని చెప్పలేను గానీ మొన్న పాలు కాచినప్పుడు మీగడ తీసి దాని గిన్నెలో వేసింది, నేను చూసినా.

చెత్త బండి దగ్గర జరిగింది ఒకటి చెప్పాలి. మొదటి రోజు కవర్ ఇస్తా ఉంటే బండి మీద వచ్చే అక్క ఇదేంది బరువుగా ఉండాది అని ముడి విప్పబోయింది, ఉత్త చేతుల్తో. వద్దక్కా అని గబుక్కున చెయ్యి పట్టుకున్నా. పిల్లిదక్కా, దీనివల్ల జబ్బు వస్తుంది, విప్పొద్దు, ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే ఇంకా ప్రమాదం అని చెప్పినా. ఆమె కవర్ వైపు చూసి, నా వైపు చూసి, "మా కోడలికి ఆరో నెల, రేపట్నుంచి నా బదులు అదే వస్తానంటుంది బండి మీదకి" అనింది. ఏం చెప్పాలో తోచలా. ఇంట్లో కొత్త గ్లోవ్స్ ప్యాకెట్ ఒకటి ఉంటే తెచ్చిచ్చినా, కోడల్ని మాత్రం పంపొద్దక్కా, డాక్టర్ని అడిగి ఈ టెస్ట్ ఒకటి చేయించండి అని కాగితం మీద టార్చ్ అని రాసిచ్చినా. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆ రోజు నుంచి కవర్లు రెండు వేస్తున్నా, పై కవర్ మీద ఎర్ర మార్కర్‌తో పెద్దగా "పిల్లిది, విప్పొద్దు" అని రాస్తున్నా. ఇప్పటివరకైతే బండి మీద ఆ అక్కే వస్తుండాది.